నెమ్మదించిన డిస్కుకి ముందు కాపీ, ఆ తర్వాతే డీఫ్రాగ్

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. పోయిన ఆదివారం కంప్యూటర్ పరీక్షకి చదువుకుంటూ "మామయ్యా, ఇవి అప్పజెప్పించుకో" అని నోట్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒక ప్రశ్న: కంప్యూటర్ నెమ్మదిగా పనిచేస్తుంటే ఏం చేయాలి? జవాబు: డిస్క్ డీఫ్రాగ్మెంటేషన్ చేయాలి. అంతే, ఒక్క లైను, రెండు మార్కులు. పిల్ల గడగడా చెప్పేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఒకప్పుడు నేను కూడా ఆ ఒక్క లైను జవాబునే గట్టిగా నమ్మాను, ఆ నమ్మకంతోనే మా బాబాయ్ స్టూడియోలో ఆరు పెళ్లిళ్ల ఫోటోలు పోగొట్టాను. ఈ సంగతి ఇంట్లో వాళ్లకి తెలుసు, కానీ రాయడం ఇదే మొదటిసారి.

డీఫ్రాగ్ అంటే డిస్కు మీద ముక్కలై చెల్లాచెదురుగా పడిన ఫైళ్లని మళ్లీ వరుసగా సర్దడం. అది పనికిమాలినదని నేను అనడం లేదు. తిరిగే హార్డ్ డిస్కుకి అది నిజంగా మేలు చేస్తుంది, ఎంత చేస్తుందో కింద లెక్క వేసి చూపిస్తాను. నా గొడవంతా వరుస గురించే. సిస్టమ్ స్లో అయిందనగానే మొదట చేసే పని డీఫ్రాగ్ కాకూడదు. మొదట కాపీ తీయాలి, రెండోది డిస్కు ఎలా ఉందో చూడాలి, డీఫ్రాగ్ మూడోది. ఆ వరుస తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

2013 సంక్రాంతి

బాబాయ్‌ది రేపల్లెలో ఫోటో స్టూడియో. పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి స్టూడియోల వాళ్లు కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల ఆల్బమ్ పనులన్నీ అప్పుడే ముందేసుకుంటారు. నేను పండక్కి వెళ్లేసరికి ఆయన ఆరు పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేస్తూ ఉన్నారు. ఒక్కో పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైలు మూడొందలు, ఆరొందలు ఎంబీ. "ఒరేయ్, ఈ సిస్టమ్ నెల రోజుల నుంచి చంపుతోందిరా, ఫైలు తెరిస్తే టీ తాగి వచ్చేదాకా తెరుచుకోవట్లేదు" అన్నారు. విండోస్ 7, ఐదొందల జీబీ డిస్కు, సీ, డీ, ఈ అని మూడు డ్రైవులు. డీలో 93 శాతం నిండి ఉంది. అనలైజ్ కొడితే 38 శాతం ఫ్రాగ్మెంటెడ్ (ముక్కలైంది) అని వచ్చింది.

ఆ 38 చూడగానే నాకు సంబరం వేసింది. రోగం దొరికిపోయింది అనుకున్నాను. "బాబాయ్, రాత్రికి పెట్టేసి పడుకుందాం, పొద్దున్నకి కొత్తదానిలా ఉంటుంది" అని చెప్పి, కరెంటు కోతల కాలం కాబట్టి ఇన్వర్టర్ కూడా చూసుకుని, తొమ్మిదింటికి మొదలుపెట్టాను. కరెంటు పోతే ఎలా అన్న జాగ్రత్త తట్టింది. డిస్కే పోతే ఎలా అన్నది తట్టలేదు.

పొద్దున ఐదున్నరకి వెళ్లి చూస్తే పాస్ 1 (మొదటి విడత) 11 శాతం దగ్గర ఉంది. ఎనిమిదన్నర గంటల్లో 11 శాతం. సీపీయూ దగ్గర చెవి పెడితే లోపల టక్... టక్... టక్ అని, గడియారం కంటే కొంచెం నెమ్మదిగా ఒకటే శబ్దం. అప్పుడైనా పవర్ తీసేసి ఉండాల్సింది. నేనేమో డీఫ్రాగ్ మధ్యలో ఆపితే ఫైళ్లు పాడవుతాయేమోనన్న భయంతో ఇంకో గంట అలాగే వదిలేశాను. (నిజానికి విండోస్ ఫైళ్లని దాచే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ముక్కని కొత్తచోటికి రాశాకే పాత చోటు వదులుతుంది, మధ్యలో ఆపినా మామూలుగా ఏమీ కాదు. ఆ సంగతి తర్వాత తెలుసుకున్నాను.) ఆ గంట అయ్యేలోపు స్క్రీను నీలం అయింది. మళ్లీ ఆన్ చేస్తే అసలు డిస్కే లేదంది.

బాబాయ్ కంగారు పడలేదు. "ఏం పర్లేదు, అన్నీ 'ఈ' డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టాను" అన్నారు. 'డీ', 'ఈ' రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలని, డిస్కు పోతే రెండూ కలిసే పోతాయని ఆయనకి చెప్పడం నా జీవితంలో చాలా కష్టమైన పనుల్లో ఒకటి. అప్పటిదాకా ఆయన రోజూ రాత్రి కొట్టు కట్టేసే ముందు పావుగంట కూర్చుని శ్రద్ధగా కాపీ చేసుకుంటూ వచ్చారు. ఆ పావుగంటలన్నీ వృథా అని అర్థమయ్యాక ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

పండగ అయిన మర్నాడు డిస్కు పట్టుకుని సికింద్రాబాద్ వెళ్లాను. రికవరీ చేసే ఆయన విప్పి చూసి, డేటా చదివే హెడ్డు, డేటా ఉండే పళ్లేన్ని (ప్లేటరుని) గీసేసింది, పైన సన్నగా పొడి కూడా రాలింది, ఇక రాదు అన్నాడు. మెమరీ కార్డులు తర్వాతి పనులకి ఫార్మాట్ చేసి వాడేశారు కాబట్టి వాటిలో వెతికితే ఒకటిన్నర పెళ్లికి సరిపడా ఫోటోలు దొరికాయి. మిగిలిన వాళ్లకి బాబాయ్ అడ్వాన్సులు తిరిగిచ్చారు. ఒకావిడ మాత్రం డబ్బు తీసుకోలేదు. ఆ పెళ్లి అయిన నెలకే ఆవిడ నాన్నగారు పోయారట, ఆయన నిలబడి దిగిన చివరి ఫోటోలు అవేనట. "డబ్బు వద్దండీ, ఒక్కటైనా దొరుకుతుందేమో చూడండి" అని మూడుసార్లు వచ్చి అడిగారు. దొరకలేదు.

ఎలాగూ పోయేదే కదా

ఈ కథ చెప్పినప్పుడల్లా హార్డ్‌వేర్ తెలిసిన మిత్రులు ఒక మాట అంటారు. "ఆ డిస్కు ఎలాగూ పోయేదే. నువ్వు కాపీ పెట్టినా అంతే చదవాలి కదా, అప్పుడూ పోయేదేమో." ఈ మాట నన్ను చాలా ఏళ్లు తొలిచింది, ఎందుకంటే సగం నిజం. నెల రోజుల నుంచి నెమ్మదించిన డిస్కు అది, 93 శాతం నిండడం ఒక్కటే కారణం అయి ఉండదు. లోపల కొన్ని సెక్టార్లు (డేటా ఉండే చిన్న చిన్న గదులు) బలహీనపడితే డిస్కు ఒక్కోదాన్ని మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది, బయట కూర్చున్న మనకి అది స్లోగానే కనిపిస్తుంది. ముక్కలైన ఫైలు కూడా స్లోగానే కనిపిస్తుంది. రెండిటికీ లక్షణం ఒకటే. నేను ఒకదానికి మందు ఇంకోదానికి వేశాను.

అయినా కాపీ, డీఫ్రాగ్ ఒకటి కావు. కాపీ చేసేటప్పుడు చదివిన ప్రతి ఫైలూ వెంటనే రెండోచోట ఉంటుంది. 11 శాతం దగ్గర డిస్కు చచ్చినా ఆ 11 శాతం మన చేతిలో మిగులుతుంది. పైగా ఏది ముందు అన్నది మనమే నిర్ణయించుకుంటాం. డెలివరీ ఇవ్వాల్సిన పెళ్లిళ్లు ముందు, పాత సినిమాలు ఆఖరున, అసలు వదిలేసినా ఫర్వాలేదు. డీఫ్రాగ్‌లో అలా కాదు. చదివింది మళ్లీ అదే రోగిష్టి డిస్కు మీదే రాస్తుంది, ఒక్కోసారి ఒకే ముక్కని రెండు మూడు పాస్‌లలో అటూ ఇటూ జరుపుతుంది. నీ ఆల్బమ్‌కంటే ముందు ఎప్పుడో తీసేయాల్సిన ఇన్‌స్టాలర్ ఫైలుని సర్దుతుందేమో కూడా, దానికి తేడా తెలీదు. ఆ రాత్రి ఎనిమిదన్నర గంటలు ఆ డిస్కు చదవగలిగే స్థితిలోనే ఉంది. ఆ ఎనిమిదన్నర గంటలు కాపీకి ఇచ్చి ఉంటే ఆరు పెళ్లిళ్లూ బయటికి వచ్చేవని ఖచ్చితంగా చెప్పలేను. ఆవిడ నాన్నగారి ఫోటోలు వచ్చేవేమో. ఆ "వచ్చేవేమో" అన్న అవకాశాన్ని నేను వాడుకోలేదు.

డీఫ్రాగ్ గురించి అన్నదంతా, డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్‌కీ వర్తిస్తుంది. బ్యాడ్ సెక్టార్లు వెతికే ఆప్షన్‌తో దాన్ని పెడితే డిస్కు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి చదువుతుంది. అనుమానం ఉన్న డిస్కు మీద కాపీ తీయకుండా అది పెట్టడం కూడా అదే తప్పు. ఇక టక్ టక్ శబ్దం వినిపిస్తే ఏదీ పెట్టకూడదు, పవర్ తీసేయడమే.

లాభం ఎంత, ఎప్పుడు

ఇప్పుడు అటువైపు మాట. "ఈ రోజుల్లో డీఫ్రాగ్ ఎవరు చేస్తారు, అదంతా విండోస్ 98 కాలం ముచ్చట" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది.

7200 ఆర్‌పీఎం (నిమిషానికి 7200 చుట్లు తిరిగే) డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్డు కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 పైచిలుకు. హెడ్డు ఆ ట్రాక్ (వలయం) దాకా జరగడానికి మామూలు డెస్క్‌టాప్ డిస్కులో ఇంకో 9 దాకా. అంటే ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి గెంతిన ప్రతిసారీ సుమారు 13 మిల్లీసెకన్లు ఖర్చు. సెకనుకి వంద ఎంబీ చదివే డిస్కులో ఆరొందల ఎంబీ పీఎస్‌డీ ఒకే వరుసలో ఉంటే ఆరు సెకన్లలో వచ్చేస్తుంది. అదే ఫైలు రెండు వేల ముక్కలై ఉంటే గెంతులకే 26 సెకన్లు, మొత్తం 32. ఐదు రెట్ల తేడా. ఇది ఉత్త నమ్మకం కాదు, మన కళ్ల ముందు కనిపించే తేడా.

అదే ఫైలు పెద్ద పెద్ద తొమ్మిది ముక్కలుగా ఉంటే? గెంతులకి అయ్యేది సెకనులో పదో వంతు. అందుకే విండోస్ విస్టా నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్లు 64 ఎంబీ కంటే పెద్ద ముక్కల్ని మామూలుగా కదపడం మానేశారు. అంత పెద్ద ముక్క చదవడానికే 0.6 సెకను పడుతుంటే మధ్యలో 13 మిల్లీసెకన్ల గెంతు ఒక లెక్కలోది కాదు. కాబట్టి శాతం చూసి భయపడటం కూడా సరైంది కాదు. ఎన్ని ముక్కలు, ఎంత చిన్న ముక్కలు అన్నదే అసలు విషయం. విండోస్ ఎక్స్‌పీలో ఎర్ర గీతలు (ముక్కలైనవి), నీలం గీతలు (వరుసగా ఉన్నవి) చూసి మనం పెంచుకున్న అలవాటు అది, ఎరుపు పోయి అంతా నీలం అయితే తప్ప నిద్ర పట్టేది కాదు నాకు.

గుంటూరులో ఒక మిత్రుడి డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు పని. చాలాకాలం ఆయన ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిపారు. పాత పనుల ఫైళ్లన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నప్పుడు మెషిన్ మార్చడం చెప్పినంత తేలిక కాదు. పాత తరహా ఐడీఈ కేబులుతో నడిచే 80 జీబీ డిస్కు, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) పెట్టుకోమని సలహా ఇచ్చినా సూటిగా తగిలించే వీలు లేదు, తగిలించినా ఎక్స్‌పీకి ట్రిమ్ (చెరిపేసిన చోట్లు ఏవో ఎస్ఎస్‌డీకి చెప్పే ఆదేశం) తెలీదు. అలాంటి చోట్ల డీఫ్రాగ్ మాట ఇంకా బతికే ఉంది. పైగా విండోస్ 7లో ఆటోమేటిక్ డీఫ్రాగ్ బుధవారం రాత్రి ఒంటిగంటకి అని పెట్టి ఉంటుంది. మన కొట్లలో రాత్రి తొమ్మిదింటికి మెయిన్ స్విచ్ దింపేస్తారు. తెల్లారి ఖాళీ దొరికినప్పుడు చేసుకుందామని అది చూస్తుంది, తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా మెషిన్‌కి ఖాళీయే ఉండదు. "విండోస్ దానంతట అదే చేసుకుంటుంది" అన్న మాట చాలా కొట్లలో నిజం కాకపోవడానికి కారణం ఇదే.

ఆయన మెషిన్ చూసినప్పుడు డిస్కులో ఐదు జీబీ కూడా ఖాళీ లేదు. ఎక్స్‌పీ డీఫ్రాగ్‌కి కనీసం 15 శాతం ఖాళీ కావాలి, లేకపోతే సగం సగం చేసి ఆగుతుంది. ఈసారి నేను తొందరపడలేదు. ముందు బయటి డిస్కులోకి మొత్తం కాపీ, దానికే ఒక పూట పట్టింది. తర్వాత డిస్కు ఆరోగ్యం చూశాను, బాగానే ఉంది. పాత ఎన్నికల ఫైళ్లన్నీ కాపీలో ఉన్నాయి కాబట్టి డిస్కులోంచి తీసేశాం, ముప్పై జీబీ ఖాళీ అయింది. అప్పుడు డీఫ్రాగ్. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి మూడున్నర నిమిషాలు పట్టేది రెండు నిమిషాల లోపుకి వచ్చింది. ఇందులో డీఫ్రాగ్ వాటా ఎంత, ఖాళీ చేసిన వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను. అసలు ఫైళ్లు ముక్కలయ్యేదే ఖాళీ లేక కదా. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సెక్కిన కుటుంబం లాంటిది, ఒకచోట సీట్లు లేకపోతే ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోవాల్సిందే. ముందు బస్సులో కాస్త చోటు చేయకుండా ఎన్నిసార్లు సర్దినా వారానికి మళ్లీ అంతే.

ఇక్కడ నాకు తర్వాత తెలిసిన ఇంకో సంగతి. కాపీ తీసి, సరిచూసుకుని, ఆ పార్టిషన్ (డ్రైవు) ఫార్మాట్ చేసి, ఫైళ్లు వెనక్కి వేసుకుంటే ఖాళీ డిస్కు మీద అవి దాదాపు ముక్కలు కాకుండా వరుసగానే పడతాయి. అంటే కాపీ పని ముందు చేసినవాడికి డీఫ్రాగ్ ఊరికే వస్తుంది. డీఫ్రాగ్ చేసినవాడికి మాత్రం కాపీ ఊరికే రాదు.

మా మేనకోడలి లాప్‌టాప్

"మరి మన లాప్‌టాప్‌కి చేద్దామా మామయ్యా?" అని అడిగింది. డ్రైవుల ఆప్టిమైజ్ విండో తెరిచి, మీడియా టైపు దగ్గర సాలిడ్ స్టేట్ (అంటే ఎస్ఎస్‌డీ) అని ఉన్నది చూపించాను. అందులో తిరిగేదీ లేదు, గెంతాల్సిన హెడ్డూ లేదు. ఏ ముక్క ఎక్కడున్నా చేరుకోవడానికి పట్టేది ఒక మిల్లీసెకనులో పదో వంతు దాకానే. పైగా విండోస్ "ఫలానా చోట రాయి" అంటే లోపలి కంట్రోలరు తన వీలుని బట్టి ఇంకెక్కడో రాస్తుంది. మనం వరుసగా సర్దామనుకున్నది లోపల వరుసగా ఉండాలని లేదు. ఆ పేరుతో రాతలు పెరగడమే మిగిలేది, ఎస్ఎస్‌డీ మీద ఇన్ని రాతలే అని ఒక లెక్క ఉంటుంది. 2012లో విండోస్ 8తో ఆ బటన్ పేరు ఆప్టిమైజ్ అని మార్చింది ఇందుకే, హార్డ్ డిస్కు అయితే డీఫ్రాగ్ చేస్తుంది, ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ పంపుతుంది. రీస్టోర్ పాయింట్లు (పాత స్థితికి వెళ్లడానికి విండోస్ దాచుకునే గుర్తులు) ఆన్‌లో ఉంటే ఎస్ఎస్‌డీని కూడా అప్పుడప్పుడూ కొంత డీఫ్రాగ్ చేస్తుంది, అది దాని లెక్కల కోసం, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. విండోస్ కూడా ఒకసారి పొరపడింది. 2020లో వచ్చిన ఒక అప్‌డేట్‌లో చివరిసారి ఎప్పుడు ఆప్టిమైజ్ చేశానో గుర్తుపెట్టుకోవడం మర్చిపోయి, ఎస్ఎస్‌డీలని అవసరం లేకుండా పదే పదే సర్దింది. ఆ సెప్టెంబరులో దిద్దారు. మనం చేతితో అదనంగా చేయాల్సింది మాత్రం ఏమీ లేదు.

అంకెలు బాగుంటే చాలా?

ఇంతా చెప్పాక ఒక సందేహం మిగిలింది, చాలామంది ఇక్కడే ఆగుతారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పే స్మార్ట్ అంకెలు కనిపిస్తాయి. అందులో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడాలి. 05 అంటే చెడిపోయి పక్కకి మార్చిన సెక్టార్లు, సీ5 అంటే చదవడం కుదరక పెండింగ్‌లో పెట్టినవి, సీ6 అంటే ఇక దిద్దలేనివి. సున్నా కాకపోతే డీఫ్రాగ్ ఊసే వద్దు, ఆ డిస్కు మార్చాల్సిందే. మరి సున్నాలే ఉంటే కాపీ లేకుండా డీఫ్రాగ్ చేసుకోవచ్చు కదా?

నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను. తర్వాత గూగుల్ ఇంజినీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల్ని గమనించి వేసిన పత్రం చదివాను. స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్కు, ఏ తప్పూ లేని డిస్కుతో పోలిస్తే వచ్చే 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. అంటే చెడ్డ అంకె వస్తే నమ్మాలి. కానీ అదే పత్రంలో ఇంకోటి ఉంది: పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ అంకెల్లో ఒక్కటీ కదలకుండానే పోయాయి. అంటే మంచి అంకెని నమ్మడానికి లేదు. నేను కాపీని రెండో మెట్టు మీద కాకుండా మొదటి మెట్టు మీద పెట్టింది దీనివల్లే. లేకపోతే ముందు ఆరోగ్యం చూసి, బాగాలేకపోతేనే కాపీ తీయండి అని రాసేవాణ్ణి, వినడానికి అదే తెలివైన పద్ధతిలా ఉంటుంది కూడా.

కాపీకి ఇంకో డిస్కు కొనాలి, అది ఖర్చే. రేపల్లెలో అప్పుడు బాబాయ్ అన్నదీ అదే, "ఇంకో డిస్కు ఎందుకురా, ఇందులోనే చోటుంది కదా." ఇప్పుడు ఆయన దగ్గర బయటి డిస్కులు రెండున్నాయి. ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో బీరువాలో, వారం వారం మార్చి మార్చి పెడతారు, వాటి మీద తెల్ల టేపు అంటించి మార్కర్‌తో తేదీ రాస్తారు.

మేనకోడలికి పరీక్షలో ఏం రాయమన్నాను? ఆ లైను అలాగే రాసి, దాని ముందు ఇంకో లైను చేర్చమన్నాను, "ముందుగా ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేయాలి" అని. నిన్న పేపర్లు ఇచ్చారట. రెండు మార్కులూ వేసి, ఆ లైను కింద టీచర్ గారు పెన్సిలుతో "డీ డ్రైవ్‌లో పెడితే సరిపోతుంది కదా?" అని రాశారు. సోమవారం స్కూలుకి వెళ్లి ఆవిడతో ఒకసారి మాట్లాడాలి.